287 కొట్టిన జట్టు 113కు ఎందుకు కూలింది? పిల్లలకు ఏమని చెప్పాలి?

ప్రశ్న: పీఈటీ సార్, నల్లగొండ జిల్లా

అందరికీ నమస్కారం. నేను నల్లగొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. సెలవులైనా సరే, ఎండ ముదరకముందే పొద్దున ఆరింటికల్లా మా ఊరి పిల్లలు పదిహేను మంది దాకా బడి మైదానానికి వస్తారు. ఈ రెండు నెలలుగా వాళ్ల ఆట చూస్తూ ఉంటే ఒక సందేహం నన్ను వదలడం లేదు కనుక, ఈ 2024 ఐపీఎల్‌ను శ్రద్ధగా చూసినవాళ్ల ముందు దాన్ని పెడుతున్నాను.

మార్చి 27న ఉప్పల్‌లో మన సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టు ముంబయిపై మూడు వికెట్లకు 277 చేసిన మర్నాటి నుంచే మా పిల్లల బ్యాటింగ్ తీరు మారిపోయింది. తర్వాత ఏప్రిల్ 15న బెంగళూరులో 287, అదే నెల 20న ఢిల్లీలో 266, అందులోనూ మొదటి ఆరు ఓవర్లకే వికెట్ పడకుండా 125 వచ్చేసరికి ఇక వాళ్లకు అడ్డు చెప్పేవాడే లేకుండా పోయాడు. మొదటి బంతికే ఎడమ కాలు పక్కకు తీసి బ్యాటు ఊపుతారు, మూడో బంతికి స్టంపులు ఎగిరిపోతాయి, ఎందుకలా ఆడావని అడిగితే "ట్రావిస్ హెడ్ కూడా అట్లనే ఆడతడు కద సార్" అంటారు. కొత్త బంతి మెరుపు తగ్గేదాకా ఓపిక పట్టాలని నేర్చుకున్న తరం నాది. వాళ్లకు చెప్పడానికి నా దగ్గర ఉన్న మాటలన్నీ ఆ 287 ముందు తేలిపోయాయి.

అయితే మే 26 రాత్రి చెన్నైలో జరిగిన ఫైనల్‌లో అదే జట్టు 18.3 ఓవర్లలో 113కే ఆలౌటైంది. ఐపీఎల్ ఫైనళ్లలో ఇంతకన్నా తక్కువ స్కోరు ఏ జట్టూ చేయలేదు. కోల్‌కతా రెండు వికెట్లు మాత్రమే పోగొట్టుకుని 10.3 ఓవర్లలో పని ముగించింది. మర్నాడు మైదానానికి వచ్చిన పిల్లలు ఆట మొదలుపెట్టకుండా వేపచెట్టు కింద కూర్చున్నారు. వారిలో ఒకడు మాత్రం, "సార్, మీరు చెప్పిందే నిజమైంది" అన్నాడు. నిజానికి ఆ మాట నాకు సంతోషం కలిగించలేదు, ఎందుకంటే నేను చెప్పినదే నిజమని నాకే నమ్మకం లేదు. 2023లో 14 మ్యాచ్‌లకు నాలుగే గెలిచి అట్టడుగున నిలిచిన జట్టు ఒక్క ఏడాదిలో ఫైనల్ దాకా వచ్చిందంటే, ఆ దూకుడు వల్లనే కదా వచ్చింది?

అందుచేత నా ప్రశ్న ఇది. ఫైనల్‌లో ఓడింది ఆ పద్ధతా, లేక టాస్ గెలిచి బ్యాటింగ్ ఎంచుకున్న కెప్టెన్ ప్యాట్ కమిన్స్ నిర్ణయమా, లేక ఇంకేమైనా ఉన్నదా? జూన్ 12న బడి తెరిచేలోగా పిల్లలకు ఒక తీరైన సమాధానం చెప్పాలనుకుంటున్నాను.

సమాధానం: చౌటుప్పల్ నుంచి

సార్, నమస్తే. మార్చి 27 మ్యాచ్‌ను స్టేడియంలో కూర్చుని చూసినవాడిని కనుక మీ పిల్లల పిచ్చి నాకు అర్థమవుతుంది. హెడ్ 18 బంతుల్లో యాభై కొడితే, ఆ సంబరం ఆరకముందే అభిషేక్ శర్మ 16 బంతుల్లో కొట్టాడు. చివర్లో క్లాసెన్ 34 బంతుల్లో 80తో అజేయంగా నిలిచాడు. ముంబయి కూడా 246 చేయడంతో ఆ రోజు రెండు జట్లవీ కలిపి 38 సిక్సర్లు పడ్డాయి. పైకప్పు లేని స్టాండులో మెడ నొప్పి పుట్టేదాకా ఆకాశంలోకే చూశాము. ఇంకొక విచిత్రం కూడా చెప్పాలి. ఆ రోజు మన హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మ ముంబయి తరఫున 34 బంతుల్లో 64 కొడుతూ ఉంటే, చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక మా వరుసలోని వాళ్లందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అయినా సీజన్ ముగిశాక తీరిగ్గా కూర్చుని లెక్క తీస్తే నాకు ఒక విషయం తేలింది. వర్షం వల్ల రద్దయిన గుజరాత్ మ్యాచ్‌ను పక్కన పెడితే, సన్‌రైజర్స్ ఉప్పల్‌లో ఆరు మ్యాచ్‌లు ఆడి ఐదు గెలిచింది. బయట, ప్లేఆఫ్‌లతో (లీగ్ దశ తర్వాతి మ్యాచ్‌లతో) కలిపి, పది ఆడి నాలుగే గెలిచింది. ఆ నాలుగింటిలోనూ బెంగళూరు, ఢిల్లీ గెలుపులు మాత్రమే మీ పిల్లలు అనుకరించే తరహావి. ఆ రెండు చోట్లా బంతి నేరుగా బ్యాటు మీదికి వస్తుంది, బౌండరీలు దగ్గర. ముల్లాన్‌పూర్‌లో పంజాబ్‌పై గెలిచింది రెండే పరుగులతో. చెన్నైలో రాజస్థాన్‌ను రెండో క్వాలిఫయర్‌లో ఓడించింది బ్యాటుతో కాదు, షాబాజ్ అహ్మద్, అభిషేక్ శర్మల స్పిన్‌తో. మిగిలిన చోట్ల, అంటే అహ్మదాబాద్‌లో రెండుసార్లు, చెన్నైలో మరి రెండుసార్లు, ముంబయి వాంఖడేలో, కోల్‌కతా ఈడెన్‌లో ఓడిపోయారు. ఈడెన్‌లో 204 చేసి నాలుగు పరుగుల తేడాతో ఓడారు కనుక దాన్ని పద్ధతి ఓటమి అనలేము. తక్కినవన్నీ బంతి ఆగి వచ్చిన చోట్లో, కొత్త బంతి కదిలిన చోట్లో ఎదురైన ఓటములే.

కాబట్టి పద్ధతి మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న కన్నా, ఆ పద్ధతి ఏ నేల మీద చెల్లుతుంది అన్న ప్రశ్న సరైనదని నా అభిప్రాయం. యాసంగిలో కాలువ కింద వరి బాగా పండిందని మెట్ట మీద కూడా వరే వేస్తానంటే ఎలా?

గుజరాత్ మ్యాచ్ సంగతి కూడా చెప్పకపోతే మనసు ఒప్పుకోదు. మే 16న దానికి టికెట్ కొన్నది నేనే. ఒక్క బంతి కూడా పడలేదు. ఆ రద్దు వల్ల వచ్చిన ఒక్క పాయింటుతోనే జట్టు ప్లేఆఫ్‌కు చేరిందని, తడిసి ముద్దై ఎల్బీనగర్‌లో బస్సు కోసం నిలబడి ఉండగా ఫోన్‌లో చూసి తెలుసుకున్నాను.

సమాధానం: సూర్యాపేట నుంచి

పై మిత్రుడి నేల సిద్ధాంతం బాగానే ఉన్నది గాని, అసలు పేరు ఆయన ఎత్తనే లేదు. ఏడు ఓటముల్లో మూడు కోల్‌కతా చేతిలోనివే, వాటిలో చివరి రెండింటినీ మొదటి ఓవర్‌లోనే మలుపు తిప్పినవాడు మిచెల్ స్టార్క్. వేలంలో అతడికి 24.75 కోట్లు పెట్టినప్పుడు అందరూ నవ్వారు. మార్చి 23న ఇదే సన్‌రైజర్స్ అతడి నాలుగు ఓవర్లలో వికెట్ ఇవ్వకుండా 53 పరుగులు పిండుకున్నప్పుడు ఇంకా గట్టిగా నవ్వారు. మే 21న అహ్మదాబాద్‌లో అతడి రెండో బంతికే హెడ్ స్టంపులు పడ్డాయి, ఐదు ఓవర్లకు స్కోరు 39/4. ఫైనల్‌లో మొదటి ఓవర్‌లోనే అభిషేక్ ఆఫ్‌స్టంపును తాకిన బంతి, మధ్యలో పడి ఆఖరి క్షణంలో బయటికి తిరిగింది. దానికి ఓపిక పట్టి అడ్డం పెట్టినవాడు కూడా ఔటయ్యేవాడే. పద్ధతిని నిందించే ముందు ఎదుటివాడి గొప్పతనాన్ని ఒప్పుకోవాలి.

సమాధానం: మహబూబ్‌నగర్ నుంచి, ప్రభుత్వ ఉద్యోగి

సార్ అడిగినదానిలో "ఆ దూకుడు వల్లనే కదా వచ్చింది" అన్న మాటను కొంచెం లోతుగా చూడాలి. దానికి రుజువు సిక్సర్లలో కన్నా పాయింట్ల పట్టికలో స్పష్టంగా కనబడుతుంది.

లీగ్ దశ ముగిసేసరికి సన్‌రైజర్స్‌కు, రాజస్థాన్‌కు సమానంగా 17 పాయింట్లు ఉన్నాయి. నెట్ రన్‌రేట్ (ఓవర్‌కు చేసిన సగటు పరుగుల్లోంచి ఇచ్చిన సగటు తీసేస్తే మిగిలేది) సన్‌రైజర్స్‌కు +0.414, రాజస్థాన్‌కు +0.273 ఉండడం వల్ల రెండో స్థానం మనకు దక్కింది. ఈ చిన్న తేడా ఎక్కడి నుంచి వచ్చిందంటే, మే 8న ఉప్పల్‌లో లక్నోపై ఆడిన మ్యాచ్ నుంచి. లక్నో 20 ఓవర్లలో 165 చేసింది, అంటే ఓవర్‌కు 8.25. హెడ్ 30 బంతుల్లో 89, అభిషేక్ 28 బంతుల్లో 75 చేసి, ఇద్దరూ ఔటవకుండానే 9.4 ఓవర్లలో 167 కొట్టేశారు, అంటే ఓవర్‌కు పదిహేడుకు పైగా. ఆ మ్యాచ్‌కు ముందు మన నెట్ రన్‌రేట్ సున్నాకు దిగువన ఉండేది. అదే లక్ష్యాన్ని "బుద్ధిగా" పద్దెనిమిది ఓవర్లలో ఛేదించి ఉంటే పాయింట్లు అవే రెండు వచ్చేవి గాని, రన్‌రేట్ సున్నా దగ్గరనే ఆగి, రాజస్థాన్ మనకన్నా పైన నిలిచేది. (ఆ వారం మేమంతా 13వ తేదీ పోలింగ్ విధుల హడావుడిలో ఉన్నాము. ఎన్నికల శిక్షణ తరగతిలో వెనక బెంచీల్లో కూర్చున్నవాళ్లు ఫారాల వెనుక వేసుకున్న లెక్క ఇదే.)

మూడో స్థానంలో ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. మొదటి రెండు స్థానాల జట్లకే ఒక ఓటమిని తట్టుకునే అవకాశం ఉంటుంది. మూడు, నాలుగు స్థానాల్లోవాళ్లు ఒక్కటి ఓడినా ఇంటికే. మే 21న కోల్‌కతా చేతిలో ఎనిమిది వికెట్లతో చిత్తయిన జట్టు, 24న మళ్లీ నిలబడి రాజస్థాన్‌ను 36 పరుగులతో ఓడించగలిగిందంటే, ఆ రెండో అవకాశాన్ని సంపాదించి పెట్టింది మే 8 నాటి ఆ 58 బంతులే. కనుక దూకుడు వల్ల ఫైనల్ ఓడారని చెప్పేవాళ్లు, దూకుడు లేకపోతే ఆ ఫైనల్‌లోకి వచ్చే దారే సన్నగిల్లేదని కూడా చెప్పాలి.

టాస్ గురించి మాత్రం నాకు ఫిర్యాదు ఉన్నది. అహ్మదాబాద్‌లోనూ చెన్నైలోనూ కమిన్స్ టాస్ గెలిచి బ్యాటింగే ఎంచుకున్నాడు, రెండుసార్లూ 20 ఓవర్లు ఆడలేకపోయారు. ముందు బ్యాటింగ్ చేసేవాళ్లకు ఎంత స్కోరు సరిపోతుందో తెలియదు. తెలియనప్పుడు ఈ జట్టు 250 కోసమే వెళ్తుంది. ఫైనల్‌లో 160 చేసినా పోరు జరిగేదేమో గాని, మొదటి ఓవర్లలో ఎవరూ 160 కోసం ఆడినట్టు కనబడలేదు.

పీఈటీ సార్, నల్లగొండ జిల్లా

ముగ్గురికీ ధన్యవాదాలు. ఎన్నికల డ్యూటీ నేనూ చేశాను గాని, మా శిక్షణలో ఇంత పనికొచ్చే లెక్క ఎవరూ వేయలేదు.

మీ మాటలు చదివాక మే 2 నాటి రాజస్థాన్ మ్యాచ్‌ను మళ్లీ చూశాను. ఆ రోజు ఉప్పల్‌లోనే 35 పరుగులకు రెండు వికెట్లు పడ్డాయి, హెడ్‌కు కూడా బంతి సరిగా అందలేదు. అప్పుడు వచ్చిన నితీశ్ కుమార్ రెడ్డి, విశాఖ కుర్రాడు, కాసేపు నిలదొక్కుకుని, తర్వాత స్పిన్నర్ల మీద విరుచుకుపడి 42 బంతుల్లో 76తో అజేయంగా నిలిచాడు. జట్టు 201 చేసింది. ఆఖరి బంతికి రెండు కావలసి ఉండగా భువనేశ్వర్ రోవ్‌మన్ పావెల్‌ను ఎల్బీగా ఔట్ చేయడంతో ఒక్క పరుగుతో గెలిచారు. ముల్లాన్‌పూర్‌లో కూడా పైవాళ్లు విఫలమైన రోజున 37 బంతుల్లో 64 చేసినవాడు అతడే. అతడికి ఈ సీజన్ వర్ధమాన ఆటగాడి పురస్కారం ఇవ్వడం నాకు చాలా సబబుగా తోచింది. ఆగడం, కొట్టడం రెండూ ఒకే ఇన్నింగ్స్‌లో చూపించినవాడు ఆ జట్టులో అతడే అని నాకనిపిస్తుంది. మా పిల్లల్లో ఎవరూ అతడిని అనుకరించరు, అదే నా బాధ. అతడి ఇన్నింగ్స్‌లో మొదటి పది బంతులు ఏ రీల్‌లోనూ కనబడవు మరి.

సూర్యాపేట మిత్రుడితో ఒక్క చోట విభేదిస్తాను. స్టార్క్ వేసిన ఆ బంతి గొప్పదే, కాదనను. కానీ మరుసటి ఓవర్ ఆఖరి బంతికి, తాను ఆడిన మొదటి బంతికే, హెడ్ వెనకాల క్యాచ్ ఇచ్చి సున్నాకు వెళ్లింది స్టార్క్‌కు కాదు, వైభవ్ అరోరాకు. ఆ తర్వాత మార్క్రమ్ 20, కమిన్స్ 24 మినహా ఇరవై చేరినవాడు లేడు. అంటే ఒక్క గొప్ప బంతి పడ్డాక మిగతావాళ్లు ఆట తీరు మార్చుకోలేకపోయారన్నమాట.

ఇక నా చిక్కు వేరే ఉన్నది. మా పిల్లలు ఆడేది సిమెంటు పిచ్ మీద. అక్కడ బంతి ఎప్పుడూ ఒకే ఎత్తులో, ఒకే వేగంతో వస్తుంది. నేలను బట్టి ఆడాలని నేను ఎంత చెప్పినా, వాళ్లకు తెలిసిన నేల ఒక్కటే.

సమాధానం: కల్వకుర్తి దగ్గర రైతు

ఇరవై ఏళ్లుగా మా ఊరి సంక్రాంతి టోర్నమెంటుకు పిచ్ చేసే బాధ్యత నాదే కనుక, మీ చివరి మాటకు సమాధానం నేను చెప్పగలను.

చెన్నైలో శుక్రవారం నాటి క్వాలిఫయర్‌కు, ఆదివారం నాటి ఫైనల్‌కు మైదానం ఒక్కటే గాని పిచ్‌లు వేరు. ఫైనల్ ఆడింది ఎర్రమట్టి పిచ్ మీద. శుక్రవారం బంతి పట్టుకుని తిరిగింది, సగం బౌలరైన అభిషేక్ కూడా 24 పరుగులకే రెండు వికెట్లు తీశాడు. ఆదివారం అదే ఊళ్లో బంతి కొత్తగా ఉండగా లేచి, కదిలి వచ్చింది. కమిన్స్ శుక్రవారం చూసిన ఆటనే మనసులో పెట్టుకుని, ముందు స్కోరు చేసి తర్వాత తిప్పుదామనుకున్నాడేమో అని నా ఊహ, ఇది ఊహ మాత్రమే.

నల్లరేగడి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుని పగుళ్లు ఇస్తుంది. అందుకే అటువంటి పిచ్ మీద ఆట జరిగేకొద్దీ బంతి ఆగుతుంది, కొన్నిసార్లు పాదాల దగ్గరికే వస్తుంది. ఎర్రబంక మట్టి అంతగా ఉబ్బదు, నీళ్లు త్వరగా దిగిపోతాయి, రోలర్ వేస్తే గట్టిపడుతుంది కనుక బంతి ఎగిరి వస్తుంది. ఒక హెచ్చరిక. ఎర్రమట్టి అన్నారు కదా అని మన చెల్క మట్టి తెచ్చి పోయకండి. చెల్కలో ఇసుక పాలు ఎక్కువ, అది పట్టు ఇవ్వదు, రెండో రోజుకే దుమ్మై లేస్తుంది. మొదటి ఏడాది నేను చేసిన తప్పు అదే. ఫైనల్ మధ్యలో నీళ్లు చల్లుకుంటూ ఆడించవలసి వచ్చింది.

మీరు చేయవలసింది ఏమిటంటే, సిమెంటు పిచ్‌ను అలాగే ఉంచి, దాని పక్కన బ్యాటు పట్టేవాడి వైపు ఇరవై అడుగుల పొడవున, ఆరడుగుల వెడల్పున నాలుగు అంగుళాల లోతు తవ్వండి. బంతి పడే చోటు అదే కనుక మొత్తం 22 గజాలూ అక్కరలేదు. అందులో సగం వెడల్పుకు రేగడి, సగానికి చెరువు ఒండ్రు నింపండి. అన్నీ కలిపి ఒక్క ట్రాక్టర్ ట్రాలీకి మించదు. ఇది రోహిణి కార్తె, చెరువులన్నీ ఎండి నెర్రెలిచ్చి ఉన్నాయి, పంచాయతీకి ఒక మాట చెబితే ఒండ్రు దొరకడం కష్టం కాదు. మృగశిర వానలు పడ్డాయంటే మట్టి బురదవుతుంది, జల్లెడలో దిగదు. గడ్డలు పగలగొట్టి, జల్లెడ పట్టి, పొరలు పొరలుగా వేసి, ప్రతి పొరనూ తడిపి తొక్కించాలి. రోలర్ లేకపోతే నీళ్లు నింపిన ఇనుప డ్రమ్ము దొర్లించినా పని జరుగుతుంది. సాయంత్రం తడిపి, తెల్లవారి వేలికి మట్టి అంటని సమయంలో దొర్లించాలి, అంతకుముందు దొర్లిస్తే డ్రమ్ముకే అతుక్కుంటుంది.

పీఈటీ సార్, నల్లగొండ జిల్లా

ట్రాక్టర్ మా తొమ్మిదో తరగతి పిల్లవాడి వాళ్ల నాన్నదే ఉన్నది, నిన్న సాయంత్రమే అడిగి ఒప్పించాను. డీజిల్ ఖర్చు నాది, తవ్వకం పిల్లలది. వేపచెట్టు కింద కూర్చున్నవాళ్లందరికీ ఈ పొద్దున గడ్డపారలు ఇచ్చాను. ఒక్క సందేహం మిగిలింది: రేగడి, ఒండ్రు పక్కపక్కనే వేస్తే, రేగడి ఉబ్బినప్పుడు రెండోదాన్ని నెట్టదా?

కల్వకుర్తి రైతు

నెడుతుంది సార్. రెండింటి మధ్యన అంచు మీద ఇటుకలు నిలబెట్టి పూడ్చండి, పైకి మాత్రం అంగుళం మట్టి కప్పండి.